గుడ్లగూబల ఆడపడుచు ఇంట్లో పీతల డిస్కు

హవానా, సెప్టెంబరు 14

వదినా,

ముందు వీధి తలుపు వేసుకుని ఆ తర్వాత చదువు. ఫోన్ చెయ్యకుండా కాగితం మీద ఎందుకు రాస్తున్నానో నీకు చెప్పక్కర్లేదు. మన వేగా ఓండాలో ఫోన్లో మాట్లాడడం, మైకు పట్టుకుని చౌకులో నిలబడడం రెండూ ఒకటే. డిసెంబరు ఇరవై నాలుగున పరాండా, మన రెండు పేటలూ రథాలతో, దీపాలతో తలపడే రాత్రి. ఈ ఏడు మన పీతలపేట రథానికీ, చౌకులో నిలబెట్టే దీపాల గోపురానికీ బొమ్మలన్నీ నేనే గీశాను. ఆ సాయంత్రం దాకా మనం ఏం కడుతున్నామో గుడ్లగూబలపేటకు వాసన కూడా తగలకూడదు.

నువ్వు పుట్టింది గుడ్లగూబలపేటలోనే అన్న సంగతి నాకు గుర్తుంది. కానీ మా అన్నయ్యకు ఏ తీగ ఎక్కడ గుచ్చాలో తెలియదు, అందుకని నీకే రాస్తున్నాను. దీన్ని పొగడ్త అనుకోకు.

బస్సు డ్రైవరు ఎరిబెర్తో నీకో అట్టపెట్టె ఇస్తాడు. అందులో పెద్ద డిస్కు ఉంది. బొమ్మలు, కొలతలు, పాటలు, ఏ దీపం ఏ దరువుకి వెలగాలో చెప్పే ప్రోగ్రాము, పాత సంవత్సరాల ఫోటోలు, అన్నీ అందులోనే. ఇంటర్నెట్‌లో పంపాలంటే నాకు మనవలు పుడతారు. దాన్ని మోసుకుని మన రథం కట్టే షెడ్డుకు వెళ్ళకండి. అక్కడి రంపపు పొట్టులో అది వారం బతకదు. మీ ముందుగదిలో ఉన్న రెండు కొమ్ముల తెల్ల రూటరు వెనకాల ఒక నీలం సందు ఉంటుంది. డిస్కు తీగ అందులో గుచ్చు. డిస్కుకు కరెంటు రూటరు ఇస్తుందని కూర్చోకు, దాని అడాప్టరు విడిగా గోడకు పెట్టు. ఇక షెడ్డువాళ్ళందరూ ఎవరి ఫోన్లో వాళ్ళు బొమ్మలు తెరిచి చూసుకోవచ్చు. డిస్కుకు వేరే పాస్‌వర్డ్ పెట్టకు. షెడ్డు పెద్ద గుమెర్సిందో మామకు తన పేరు కొట్టడానికే పూట పడుతుంది. ఇంటి వైఫైకి ఎలాగూ తాళం ఉంది కదా, అది చాలు.

తెలియనిదేదీ నొక్కకు.

యమిల్కా


వేగా ఓండా, అక్టోబరు 2

యమిల్కా,

తలుపు వేసుకునే చదివాను. వేసుకోకపోయినా ఏమీ పోయేది కాదు, కరెంటు లేక వీధంతా గుడ్డిదీపాలే.

నువ్వు చెప్పినట్టే తీగ నీలం సందులో గుచ్చాను. అడాప్టరు గోడకు పెట్టాను. డిస్కు లోపల చక్రం తిరిగింది, లైటు వెలిగింది, అంతే, ఇంట్లో వైఫై చచ్చిపోయింది. తీగ పీకితే వైఫై వస్తుంది, గుచ్చితే పోతుంది. మీ అన్నయ్య దాని ముందు మఠం వేసుకుని కూర్చుని, "దీనికి మనమంటే గిట్టదే నొరాయిదా" అన్నాడు. మీ ఎవేలియో అన్నయ్య సాయం ఎప్పుడూ ఇంతేగా. చివరికి నేనే పొడుగు తీగ ఒకటి సంపాదించి, డిస్కును రూటరుకు దూరంగా గిన్నెల అలమర మీద పెట్టాను. వైఫై లేచి కూర్చుంది. ఆ నీలం సందు దగ్గర్లో డిస్కు ఉంటే గాలిలో గోల చేస్తుందట. ఈ సంగతి నీ ఉత్తరంలో ఏ మూలా లేదు.

తర్వాత ఫోన్లో రూటరు పేజీ తెరిచాను. "ఈ డిస్కును చదవలేకపోతున్నాను. మొత్తం చెరిపి కొత్తగా సిద్ధం చెయ్యనా?" అని అడిగింది. కింద పచ్చగా ఒక పెద్ద మీట. మీ అన్నయ్య వేలు అప్పటికే గాల్లో ఉంది. ఆ చేతి మీద గరిటెతో ఒక్కటిచ్చాను. నీ ఏడాది పని ఆ దెబ్బకు బతికింది. నువ్వు పని చేసే థియేటర్లో నీ కంప్యూటరు రాసిన లిపి ఈ రూటరుకు రాదు. పంపే ముందు ఆ మాట కనుక్కోవాల్సింది నువ్వు. "తెలియనిదేదీ నొక్కకు" అని నాకు పాఠం చెప్పావే, నేను బడిలో పిల్లలకు భూగోళం చెబుతున్నది నువ్వు గౌను వేసుకుని తిరిగే నాటినుంచి.

డిస్కు ఎరిబెర్తో చేతికే తిప్పి ఇచ్చాను. రూటరు చదవగలిగేలా మళ్ళీ రాసి పంపు.

ఇంకోటి. ఈ ఏడు గుడ్లగూబల డప్పులు బాగున్నాయి. పొద్దున్నే వినబడుతున్నాయి.

నొరాయిదా


హవానా, అక్టోబరు 19

వదినా,

మళ్ళీ రాశాను. రెండు వారాలుగా థియేటర్లో పగలు వాళ్ళ పని, మిగతా వేళల్లో ఈ నకలు. ఇప్పుడు చదువుతుంది. థియేటరు కంప్యూటర్లో వాళ్ళ చోటు వాళ్ళకు ఖాళీ చేశాను, ఇక ఉన్నది ఈ డిస్కు ఒక్కటే. చదవకపోతే తప్పు నీ రూటరుది.

గరిటె సంగతికి సంతోషం. మిగతా ఉపన్యాసం దేనికి? చెయ్యమన్న పని చేసినందుకు నీకు పతకం కావాలా? డప్పుల గురించి నేను అడిగానా? పీతల ఇంట్లో కూర్చుని గుడ్లగూబల డప్పులు మెచ్చుకుంటూ రాస్తే నాకెలా ఉంటుందనుకున్నావు?

కరెంటు పోయినప్పుడల్లా డిస్కు ఠపీమని ఆగితే దాని ప్రాణం పోతుంది. అన్నయ్య మోటారుసైకిలు బ్యాటరీ నుంచి దానికి తీగ లాగి ఇవ్వమను. ఆ ఒక్క పనైనా అతనికి వస్తుంది.

యమిల్కా


వేగా ఓండా, నవంబరు 5

యమిల్కా,

డిస్కు పని చేస్తోంది. ముందు ఆ మాట రాశాను, లేకపోతే నువ్వు మిగతాది చదవవు.

వైఫై మా వీధి, పెరడు దాటి పోవడం లేదు. షెడ్డుకు అందదు. అందుకని షెడ్డే మా పెరట్లోకి వచ్చింది. పొద్దున బడికి వెళ్ళేటప్పటికి ముగ్గురు, తిరిగొచ్చేటప్పటికి పదిమంది. నా బట్టలు ఆరేసే తీగ మీద వాళ్ళ చొక్కాలు. మడత కుర్చీలో గుమెర్సిందో. డిస్కు కాసేపు ఊరుకుంటే నిద్రపోతుంది, లేవడానికి కొంచెం సమయం పడుతుంది. అది వాళ్ళకు అర్థం కాదు. "నొరాయిదా, బొమ్మ రావడంలేదు!" అని అరుపు. ఆగండి బాబూ, లేస్తోంది అంటే వినరు, పదిమందీ పదిసార్లు నొక్కుతారు, అది ఇంకా మొరాయిస్తుంది. నెలకు సరిపడా తెచ్చిన కాఫీపొడి వారానికి అయిపోయింది. "ఇంకొంచెం చక్కెర పడాలమ్మా" అంటాడు గుమెర్సిందో, రోజూ, ప్రతి కప్పుకూ.

ఆదివారం మా తమ్ముడు ఒస్మానీ వచ్చాడు. మా అమ్మ పోయిన రోజు అది, ప్రతి ఏడూ నా దగ్గరే భోంచేస్తాడు. నల్లచిక్కుళ్ళు, అన్నం, వెల్లుల్లి పోసిన కర్రపెండలం వండాను. వాడు పళ్ళెం ముందు కూర్చోగానే గుమెర్సిందో పెరట్లోంచి, "ఆ గుడ్లగూబని బయటికి పంపితేగాని మేము ఫోన్లు తియ్యం" అని కేకేశాడు. నా ఇంట్లో. నా తమ్ముణ్ణి. మీ అన్నయ్య మాట్లాడతాడేమోనని చూశాను. చిక్కుళ్ళు బాగున్నాయన్నాడు.

ఒస్మానీ తిని, చెయ్యి కడుక్కుని, అందరికీ దణ్ణం పెట్టి వెళ్ళాడు.  వాళ్ళకు నువ్వే రాయి, ఇది సత్రం కాదని.

నొరాయిదా


హవానా, నవంబరు 24

నొరాయిదా గారికి,

మన పేట నీల్దా నిన్న వేగా ఓండా నుంచి వచ్చింది. గుడ్లగూబల షెడ్డు తలుపు సందులోంచి తను ఏం చూసిందో తెలుసా? నిలువెత్తు సముద్రపు గుర్రాలు. ముత్యపు చిప్పలో సింహాసనం. అది నా సముద్రగర్భ రాజభవనం! రెండేళ్ళ కింద గీసి, బాగా రాలేదని నేనే పక్కన పెట్టిన బొమ్మ. ఈ భూమ్మీద ఆ బొమ్మ ఒక్కచోటే ఉంది, మీ గిన్నెల అలమర మీద. పాతదే పోయిందిగా అని నాకు చెప్పకండి. అది పోయిందంటే డిస్కు మొత్తం పోయినట్టే, నేడో రేపో ఈ ఏటి బొమ్మ కూడా వాళ్ళ షెడ్డులో లేస్తుంది.

తమ్ముడికి భోజనం పెట్టానని మీరే రాశారు. చిక్కుళ్ళతో పాటు ఇంకేం వడ్డించారో రాయలేదు.

ఇన్నేళ్ళు మా ఇంటి అన్నం తిన్నారు. మా అమ్మ మీ చేతుల్లోనే కన్ను మూసింది. "కోడలు కాదే, నా కూతురు" అని ఊరంతా చెప్పుకునేది. ఆవిడ లేదు కాబట్టి బతికిపోయింది. మీరు ద్రోహి. ఆ మాట కింద గీత కూడా గీస్తున్నాను.

అన్నయ్యకు చెప్పి డిస్కు పీకించండి. మీరు మాత్రం ముట్టుకోవద్దు.

యమిల్కా


వేగా ఓండా, నవంబరు 30

యమిల్కా,

"గారు" అని రాశావు. ఇన్నేళ్ళలో నువ్వు నన్ను కొట్టిన దెబ్బల్లో అదే గట్టిది.

నీ ఉత్తరం భోజనాల దగ్గర చదివాను. పైకే చదివాను, మీ అన్నయ్య వినాలని. ద్రోహి అన్న చోట అతని చెంచా ఆగింది. అప్పుడు అడిగాను.

"మన వైఫై పాస్‌వర్డ్ ఎవరికిచ్చావు?"

"ఎవరికిస్తాను? ఒస్మానీకి. బావా, బేస్‌బాల్ చూసుకుంటానన్నాడు. వేసవిలో."

"ఇంకా?"

"మంగలి షాపుకి... వాళ్ళింట్లో పెళ్ళయినప్పుడు. ఎదురింటివాళ్ళకి. నొరాయిదా, అడిగితే లేదంటామా?"

వైఫైకి తాళం ఉంది, అది చాలు అని ఎవరు రాశారు? డిస్కుకు పాస్‌వర్డ్ పెట్టకు అని ఎవరు రాశారు? ఆ కాగితం నా దగ్గరే ఉంది, కావాలంటే నకలు తీసి పంపుతాను. వీధిలో సగం ఫోన్లకు నీ డిస్కు తలుపు బార్లా తెరిచి ఉంది. తెరిపించింది నువ్వు.

చెప్పులు వేసుకుని తిన్నగా గుడ్లగూబల షెడ్డుకు వెళ్ళాను. ఒస్మానీని బయటికి పిలిచాను. వాడు అబద్ధం ఆడలేదు.

"చూశానక్కా. నీ దగ్గర తిని వెళ్ళిన వారానికి, మీ వీధిలో నిలబడితే ఫోన్లో దానంతటదే కనబడింది. తెరిచాను."

"నా ఇంట్లో తిని, నా అలమర మీదున్నది దొంగిలించావా?"

"పరాండాలో ఎవరైనా చేసేదే కదా..."

"అందరూ నా తమ్ముళ్ళు కాదురా!"

వీధంతా విన్నారు. విననీ.

ఇంటికొచ్చేసరికి గుమెర్సిందో పెరట్లో కూర్చుని నవ్వుతున్నాడు. నవ్వు చూసి ఒళ్ళు మండి, ఏమిటని నిలదీశాను. అప్పుడు బయటపడింది. రూటరు పేజీలో ఎవరెవరి ఫోన్లు తగులుకున్నాయో పేర్లు కనబడతాయి. ఒస్మానీ పేరు అతను ఆ భోజనం రోజునే చూశాడు. షెడ్డువాళ్ళకు తప్ప ఎవరికీ చెప్పలేదు. తన పేరు కొట్టడానికే పూట పడుతుందన్నావే, ఆ మనిషే ఈ ఏటి బొమ్మలు తన ఫోన్లోకి తీసుకుని డిస్కు మీంచి చెరిపేశాడు. వాటి చోట నీ పాత రాజభవనం పెట్టి, దానికి ఈ ఏటి పేరు తగిలించాడు. "నీ ఇల్లు గాలం అమ్మా, నీ తమ్ముడు చేప" అన్నాడు. "ఇరవై నాలుగున వాళ్ళు ఆ చెత్త బొమ్మ నిలబెట్టగానే, మనం తీసి పారేసిందని మైకులో చెబుతాం. ఊరు ఊరంతా ఉమ్ముతుంది."

నువ్వు నన్ను ద్రోహి అన్న రోజున నేను కాదు. ఇప్పుడు అయ్యాను. ఆ పూటే తిరిగి వెళ్ళి ఒస్మానీకి చెప్పాను, "అది ఎర. కట్టకు" అని. వాడు మొహం తెల్లబోయి, కట్టిన గుర్రాలకేసి చూస్తూ నిలబడ్డాడు. వాడి మీద జాలి కలగలేదు. దొంగతనానికి వాణ్ణి నేను తిట్టుకుంటాను, కొట్టుకుంటాను. కానీ నా ఇంటిని గాలం చేసి నా తోడబుట్టినవాణ్ణి చౌకులో ఊరిముందు తన్నిస్తానంటే ఊరుకోను. వాడు చేసింది తప్పు. మీవాళ్ళు చేసింది కూడా తప్పే. నాకు ఏ పేటా వద్దు.

డిస్కు నేనే పీకాను. ముట్టుకోవద్దన్నావు, ముట్టుకున్నాను. ఇప్పుడది నా బట్టల బీరువాలో ఉంది. గుమెర్సిందో బొమ్మలు మాత్రమే తీసుకున్నాడు, దీపాల ప్రోగ్రాము అందులోనే ఉండిపోయింది. అది కావాలంటే నువ్వు రా. ఎరిబెర్తో చేతికివ్వను, మీ అన్నయ్య చేతికివ్వను. ఆ మాట రాసిన చేతికే ఇస్తాను.

నొరాయిదా


హవానా, డిసెంబరు 9

వదినా,

గుమెర్సిందో మామ నీకన్నా తెలివైనవాడు. గెలిచే ఆట నువ్వు చెడగొట్టావు. షెడ్డులో పదిమంది ఇన్నాళ్ళుగా చేస్తున్న పనిని బీరువాలో పెట్టి తాళం వేశావు. ఇది నీ తమ్ముడి మీద ప్రేమ కాదు, మా మీద కసి.

పాస్‌వర్డ్ గురించి నేనన్నది నేనన్నదే. నీ మొగుడు ఊరంతా పంచిపెడతాడని నేను కలగన్నానా?

ఇరవై రెండున వస్తున్నాను. డిస్కు తీసుకుని వెళతాను. అన్నం తినను.

యమిల్కా


హవానా, జనవరి 4

వదినా,

అన్నం తినను అని రాసి, వచ్చి రెండుసార్లు వడ్డించుకున్నాను.  డిస్కు బల్ల మీద పెట్టి గదిలోకి వెళ్ళిపోయావు. నీ మీద ఆ రోజు నాకు ఎంత మంటగా ఉందంటే, మూతి కూడా తుడుచుకోకుండా షెడ్డుకు వెళ్ళాను.

ఇరవై నాలుగున నువ్వు చౌకుకు రాలేదు. నడుం పట్టేసిందన్నావు. అది నడుం కాదు. ఎటు నిలబడడానికీ నీకు చోటు లేదు. అది నాకు తర్వాత తెలిసింది. నువ్వు చూడనిది నేను చెబుతాను. అన్నయ్య నీకు చెప్పి ఉంటాడు, కానీ అతను సగమే చూస్తాడు.

మన గోపురం వెలిగింది. ప్రోగ్రాము ఒక్క దీపం కూడా తప్పలేదు. పీతలపేట అంతా గెంతులు. అవతల గుడ్లగూబల వైపు చీకటి. రాజభవనం విప్పేసి, మిగిలిన రోజుల్లో ఆ కర్రలతోనే ఒక పెద్ద గుడ్లగూబను నిలబెట్టారు, మూడంతస్తులది. అది వెలగలేదు. మనవాళ్ళు ఈలలు, బూతులు. వాళ్ళవైపు ముసలమ్మలు కొంగులతో కళ్ళు తుడుచుకుంటున్నారు. మైకు పట్టుకుని గుమెర్సిందో, "గుడ్లగూబకు చీకట్లో కనబడుతుందిగా, దీపాలెందుకు?" అన్నాడు. నేనూ నవ్వాను. అదీ రాస్తున్నాను.

అప్పుడు ఒస్మానీ రెండు పేటల మధ్య కట్టిన తాడు దాటి మనవైపు వచ్చాడు. మనవాళ్ళు తోస్తున్నా ఆగలేదు. నా ఎదుట నిలబడి, "నీ బొమ్మ తీసింది నేను. మా అక్కని అన్నవన్నీ నన్ను అను. కానీ ముందు వచ్చి ఇది చూడు, మావాళ్ళకు తెలియడం లేదు" అన్నాడు.

చెంప పగిలేలా కొట్టాను. రెండు పేటలూ చూశాయి. వాడు చెయ్యి కూడా అడ్డం పెట్టుకోలేదు. మొహంలో నీ పోలిక. ఆ పోలిక చూసి నా కోపం ఎటు పోవాలో తెలియక గిరగిర తిరిగింది. జేబులో పటకారు ఉంది. నడిచాను. వెనక నుంచి గుమెర్సిందో, "అమ్మాయ్, ఆ తాడు దాటావంటే మళ్ళీ ఇటు రాకు!" అని అరిచాడు. దాటాను.

తీగలు ఎవరో తారుమారుగా కలిపారు. అరగంట కూర్చుని విప్పి కట్టాను. ఒక కన్ను వెలిగింది, రెండోది వెలగలేదు, ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయింది. ఒంటికన్ను గుడ్లగూబ. చౌకంతా ముందు నవ్వింది. తర్వాత చప్పట్లు మొదలయ్యాయి, మనవైపు నుంచి కూడా. ఎవరు గెలిచారని అడిగితే ఎప్పటిలాగే రెండు పేటలూ తామే అంటాయి.

తెల్లారి బస్సెక్కే చోట గుమెర్సిందో నా పక్కనుంచే వెళ్ళాడు. పలకరించలేదు. మొన్న ఫోన్ చేశాడు, "గుడ్లగూబా, నీ డిస్కు సామాను ఇంకా మా షెడ్డులో ఉంది, వచ్చి పట్టుకుపో" అన్నాడు. ఆ ఒక్క మాట వదినా. ఫోన్ పెట్టేసి గంటసేపు థియేటరు మెట్ల మీద కూర్చున్నాను. నేను వాళ్ళకోసం ఏడాది గీశాను. అరగంట పటకారు పట్టుకుంటే అదంతా పోయింది.

గుడ్లగూబ అన్న ఈ మాట నువ్వు ఎన్నేళ్ళుగా వింటున్నావు? పెళ్ళయినప్పటినుంచా? నేను అన్నవి ఎన్ని? సరదాకి అన్నవి కూడా కలిపి?

నవంబరు ఉత్తరంలో రాసింది తప్పు. ఆ మాట కింద గీసిన గీత ఇంకా తప్పు. దాన్ని చించెయ్యమని అడగను, అడిగే మొహం లేదు.

నీ ఆడపడుచు,
యమిల్కా


వేగా ఓండా, జనవరి 15

యమిల్కా,

చించలేదు. చించను. కోపం పోయిందని నీకు ఎవరైనా చెబితే నమ్మకు. గిన్నెలు తోముతుంటే ఆ "గారు" గుర్తొస్తుంది, చేతిలో గిన్నె గోడకు తగులుతుంది. మీ అన్నయ్య అడగడం మానేశాడు. పాస్‌వర్డ్ అడిగినవాళ్ళకు "మా ఆవిణ్ణి అడగండి" అంటున్నాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఇది ఒక మెట్టు.

ఎన్నేళ్ళుగా అని అడిగావు. పెళ్ళి ఊరేగింపులోనే ఎవరో అన్నారు. నువ్వు అన్నవి నేను లెక్కపెట్టలేదు. నీ ఉత్తరం దాకా నీ నోట అది నాకు తిట్టులా వినబడలేదు, అందుకే లెక్కపెట్టలేదు. ఆ తర్వాతే వినబడింది. అదీ నా కోపం.

ఒస్మానీ చెంప రెండ్రోజులు వాచింది. నేను కాపడం పెట్టలేదు. నీకు కృతజ్ఞత చెప్పాలని తిరుగుతున్నాడు, ఎలాగో తెలియక ఒక పంది తొడ ఎరిబెర్తోకిచ్చి పంపాడు. మంచుపెట్టె లేని బస్సులో పంది తొడ. అది నీ దగ్గరికి ఏ స్థితిలో వచ్చిందో నాకు రాయకు.

నిన్న సాయంత్రం గుమెర్సిందో వచ్చాడు. ఏమీ జరగనట్టు పెరట్లోకి నడిచి మడత కుర్చీ లాక్కున్నాడు. వచ్చే ఏటికి నువ్వు గీస్తావా అని కనుక్కోమని షెడ్డువాళ్ళు పంపారట. నేను పెరటి గుమ్మంలోనే నిలబడి చెప్పాను.

"చూడు మామా, ఈ ఇంట్లో ఇప్పుడు ఇద్దరు గుడ్లగూబలున్నారు. నేనొకదాన్ని, హవానాలో ఉన్నది ఇంకొకతె. మాతో పని ఉంటే మమ్మల్ని పేరు పెట్టి పిలువు. ఇష్టమైతే కూర్చో, లేకపోతే గేటు అదిగో."

గేటు వైపు ఓసారి చూశాడు. తర్వాత టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

"కాఫీ ఉందా... నొరాయిదా?"

ఇచ్చాను. ఒక గుక్క తాగి మొహం చిట్లించి, చక్కెర అడిగాడు.

వెయ్యలేదు. మొత్తం తాగాడు.

నొరాయిదా